లిమిట్ 65535 పెట్టినా ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ ఆగడం లేదు, హాల్ టికెట్ల సైటు సాయంత్రానికి పడిపోతోంది

కృష్ణాతీరం · శుక్రవారం రాత్రి 9.52

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు, ఎవరైనా దారి చూపించండి.

మాది చిన్న కంపెనీ. ఒక కాలేజీల గ్రూపుకి హాల్ టికెట్ల సైటు నడుపుతున్నాం. మొత్తం 18 వేల మంది విద్యార్థులు. ఒకటే సర్వర్, ఉబుంటు 22.04, 2 జీబీ ర్యామ్. ముందు ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, వెనక పైథాన్‌లో రాసిన ఫ్లాస్క్ యాప్, దాన్ని నడిపే గునికార్న్‌తో 4 వర్కర్లు, అంటే పని పంచుకునే నాలుగు ప్రాసెస్‌లు. విద్యార్థి నంబరు కొడితే, ఇంకో సర్వర్‌లో ఉన్న ఫొటో తెచ్చి, పీడీఎఫ్ తయారుచేసి ఇస్తుంది. అంతే దాని పని.

పొద్దున్నంతా బాగానే ఉంటుంది. సుమారు నాలుగు వేల హాల్ టికెట్లు దిగేసరికి 500 ఎర్రర్లు మొదలవుతాయి. లాగ్‌లో ‘ఎర్‌నో 24, టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. మధ్యమధ్యలో ఫొటో సర్వర్ పేరు దొరకడం లేదని డీఎన్‌ఎస్ ఎర్రర్లు కూడా. చిత్రం ఏంటంటే హోమ్ పేజీ మాత్రం చక్కగా వస్తుంది. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే.

నెట్‌లో చూసి, తెరవగల ఫైళ్ల హద్దు పెట్టే లిమిట్స్.కాన్ఫ్ ఫైల్లో సాఫ్ట్, హార్డ్ రెండూ 65535 అని పెట్టా. సర్వర్ రీబూట్ కూడా చేశా. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్) యూలిమిట్ -ఎన్ కొట్టి ఆ హద్దు చూస్తే 65535 అనే చూపిస్తోంది. అయినా నిన్న సాయంత్రం మళ్లీ పడింది. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ఓఎఫ్ కొట్టి లైన్లు లెక్కపెడితే లక్షా పది వేలు దాటాయి. అది చూశాక ఇంకా టెన్షన్ పట్టుకుంది.

సోమవారం పొద్దున ఇంకో బ్యాచ్ హాల్ టికెట్లు వదులుతున్నారు. మేనేజరు గారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు.

గాలివాటం · రాత్రి 10.05

బ్రో, మా దగ్గర కూడా ఇలాంటిదే ఉండేది. టైముకి పనులు నడిపే క్రాన్‌లో గంటకోసారి రీస్టార్ట్ పెట్టేశాం. రెండేళ్లయింది, ఎవరూ అడగలేదు. హాయిగా పడుకో.

వైజాగ్_కుర్రాడు · రాత్రి 10.11

అన్నా, సిస్‌సీటీఎల్‌లో (సిస్టమ్ సెట్టింగులు మార్చేది) ఎఫ్ఎస్.ఫైల్-మ్యాక్స్ అని ఒకటుంది, దాన్ని 200000 చెయ్యి. నేను కొత్త సర్వర్ తీసుకున్న ప్రతిసారీ మొదట చేసే పని అదే.

రాత్రిడ్యూటీ · రాత్రి 10.38

కృష్ణాతీరం గారూ, ఆ ఫైల్-మ్యాక్స్ జోలికి పోకండి. దానికీ మీ బాధకీ సంబంధం లేదు.

మీ ఎర్రర్ నంబరు 24. ఒక ప్రాసెస్ తన వాటా అయిపోయాక కూడా ఇంకోటి తెరవబోతే వచ్చేది అది. మొత్తం సిస్టమ్‌కి ఉన్న హద్దు నిండితే వచ్చే నంబరు 23, ఆ మెసేజ్ చివర ‘ఇన్ సిస్టమ్’ అని కూడా ఉంటుంది. ఈ కాలం మెషీన్లలో 23 కనపడటం చాలా అరుదు. /ప్రాక్/సిస్/ఎఫ్ఎస్/ఫైల్-ఎన్ఆర్ అనే ఫైల్ని క్యాట్ చేసి చూడండి (కమాండ్లన్నీ మన అక్షరాల్లో రాస్తున్నా, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషులోకి మార్చుకోండి). మూడు అంకెలు వస్తాయి. మొదటిది ఇప్పుడు తెరిచి ఉన్నవి. మధ్యలోది ఎప్పుడూ సున్నా. మూడోది హద్దు. 2018 డిసెంబరులో వచ్చిన సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులని లేపేది) 240 వెర్షన్ నుంచి, బూట్ అయ్యేటప్పుడే ఆ హద్దుని ఆకాశానికి ఎత్తేస్తున్నారు. మీ దాంట్లో 9223372036854775807 అని ఉండాలి. దాన్ని తీసుకెళ్లి 200000 చేస్తే తగ్గించినట్టు అవుతుంది. వైజాగ్ తమ్ముడూ, నువ్వు రెండు లక్షలకి కుదించిన సర్వర్లు ఎన్నున్నాయో ఓసారి చూసుకో.

ఇక లిమిట్స్.కాన్ఫ్ సంగతి. ఆ ఫైల్ని చదివేది పామ్ అనే లాగిన్ వ్యవస్థ, అది కూడా ఎవరైనా లాగిన్ అయినప్పుడు. మీరు ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వచ్చారు కాబట్టి మీ షెల్‌కి 65535 దక్కింది. మీ గునికార్న్ లాగిన్ దారిలో రాలేదు, సిస్టమ్‌డీ నేరుగా లేపింది. దానికి మీ ఫైలు ఉన్నట్టే తెలియదు. సిస్టమ్‌డీ సర్వీసులకి మామూలుగా ఇచ్చేది సాఫ్ట్ 1024, హార్డ్ 5,24,288. సాఫ్ట్ అంటే ఇప్పుడు అమల్లో ఉన్న హద్దు. హార్డ్ అంటే ప్రోగ్రాము తనంతట తాను ఎంతవరకు పెంచుకోవచ్చో అది. జావా, కొత్త గో ప్రోగ్రాములు మొదలవగానే తమకి తామే సాఫ్ట్‌ని హార్డ్ దాకా పెంచేసుకుంటాయి. పైథాన్ ఆ పని చెయ్యదు.

ఎల్ఎస్ఓఎఫ్ లైన్లు చూసి భయపడకండి. ప్రతి ప్రాసెస్ వాడుకునే లైబ్రరీలు, అది ఉన్న డైరెక్టరీ, అన్నీ అందులో లైన్లుగా వస్తాయి. కొన్ని వెర్షన్లలో థ్రెడ్ థ్రెడ్‌కీ అవే మళ్లీ వస్తాయి. వాటిలో చాలావాటికి మన లిమిట్‌తో పనే లేదు.

ఇవి కొట్టి ఏం వచ్చాయో ఇక్కడ పెట్టండి. ఒక్కో వర్కర్ పిఐడీకి (ప్రాసెస్ నంబరు): క్యాట్ /ప్రాక్/పిఐడీ/లిమిట్స్, ఆ తర్వాత ఎల్ఎస్ /ప్రాక్/పిఐడీ/ఎఫ్‌డీ లెక్క. ఎఫ్‌డీ అంటే ప్రాసెస్ తెరిచిన ప్రతిదానికీ దక్కే నంబరు, ఫైలైనా సరే, సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) అయినా సరే; లిమిట్ లెక్క వీటికే. రీస్టార్ట్ చెయ్యకముందు, పడిపోయి ఉన్నప్పుడే తీయాలి.

వైజాగ్_కుర్రాడు · రాత్రి 10.44

ఇప్పుడే చూశా. ఆరు సర్వర్లు. నోరు మూసుకుంటున్నా.

ఫాక్స్‌ప్రో_బాబాయ్ · రాత్రి 11.02

ఈ గొడవ చూస్తుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. డాస్ కాలంలో కాన్ఫిగ్.సిస్ అనే ఫైల్లో ఫైల్స్=40 అని ఒక లైను రాసేవాళ్లం. ఆ లైను లేకపోతే మొత్తం మెషీన్‌కి ఎనిమిదే, గరిష్ఠం 255. ఫాక్స్‌ప్రోలో ఒక టేబుల్ తెరిస్తే డీబీఎఫ్ ఒకటి, ఇండెక్స్ ఇంకోటి, మెమో ఫీల్డు ఉంటే మరోటి. జీతాల ప్రోగ్రాములో నాలుగు టేబుళ్లు తెరిచేసరికే ‘టూ మెనీ ఫైల్స్ ఓపెన్’ అని ఆగిపోయేది. ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు కంప్యూటర్ పాడైందని పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఆ ఒక్క లైను మార్చి, మెషీన్ ఆపి వేస్తే సరిపోయేది. అంత చిన్న పనికి నన్ను పెద్ద ఇంజినీర్‌లా చూసేవాళ్లు.

మీ సమస్యకి పనికొచ్చేది కాదనుకోండి.

కృష్ణాతీరం · శనివారం ఉదయం 7.20

రాత్రిడ్యూటీ గారూ, చాలా థ్యాంక్సండి. అదృష్టమో దురదృష్టమో, రాత్రి 11.30కి మళ్లీ పడింది. రీస్టార్ట్ చెయ్యకుండా ముందు ఇవన్నీ తీశా.

లిమిట్స్: నాలుగు వర్కర్లకీ మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్ సాఫ్ట్ 1024, హార్డ్ 524288. మీరు చెప్పింది అక్షరాలా నిజం.

ఎఫ్‌డీ లెక్క: 1023, 1023, 1019, 1023.

ఫైల్-ఎన్ఆర్: 6112, 0, 9223372036854775807.

అంటే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్లో (సర్వీస్ సెట్టింగులు ఉండేది) లిమిట్ పెంచితే అయిపోతుందా? అలాగైతే ఇప్పుడే పెంచేస్తా.

నూటికి_నూరు · ఉదయం 7.41

ఆగండాగండి. మొదటి పోస్టులో మీరే రాశారు, నాలుగు వేల హాల్ టికెట్లకి పడిపోతోందని. నాలుగు వర్కర్లు, ఒక్కోదానికి 1024. గుణిస్తే 4096.

అంటే ఒక హాల్ టికెట్ దిగితే ఒక ఎఫ్‌డీ తెరుచుకుని, మళ్లీ మూతపడటం లేదు. రద్దీ ఎక్కువై ఒకేసారి వెయ్యి మంది వస్తే నిండటం వేరే సంగతి. మీది సింక్ వర్కర్ అయితే ఒక్కోటి ఒకసారికి ఒక్క రిక్వెస్ట్ మాత్రమే చేస్తుంది. దానికి పది, పదిహేను ఎఫ్‌డీలు చాలు. 1023 ఉన్నాయంటే పోగవుతున్నాయన్నమాట.

గుడి దగ్గర చెప్పుల స్టాండు టోకెన్ల లాంటిదే ఇది. టోకెన్లు అయిపోయాయంటే జనం ఎక్కువ వచ్చారా, తీసుకున్నవాళ్లు తిరిగివ్వకుండా ఇంటికెళ్లిపోతున్నారా, ముందు అది చూడాలి.

రాత్రిడ్యూటీ · ఉదయం 8.15

నూటికి నూరు మార్కులు మీకే. ఆ 4096 నా కంటికి ఆనలేదు.

హోమ్ పేజీ ఎందుకు వస్తోందో కూడా ఇప్పుడు తెలిసింది. ఒకే ఒక్క ఎఫ్‌డీ మిగిలి ఉంటుంది. కొత్త కనెక్షన్ వస్తే ఆ ఒక్కటీ దానికి పోతుంది. హోమ్ పేజీకి ఇంకేమీ తెరవక్కర్లేదు, కాబట్టి పంపించేసి మూసేస్తుంది. హాల్ టికెట్ అయితే ఫొటో కోసం ఇంకో సాకెట్ కావాలి, అక్కడ 24. డీఎన్‌ఎస్ ఎర్రర్లు కూడా అందుకే. పేరు వెతకడానికీ ఒక సాకెట్ తెరవాలి కదా, అది దొరక్క ‘పేరు దొరకలేదు’ అని అబద్ధం చెబుతుంది. ఈ అబద్ధాన్ని నమ్మి నేనొకసారి ఒక రోజంతా డీఎన్‌ఎస్ సర్వర్ వాళ్లతో గొడవపడ్డా.

ఇప్పుడు ఆ వెయ్యి ఏంటో చూడాలి. ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/పిఐడీ/ఎఫ్‌డీ కొడితే ప్రతి ఎఫ్‌డీ ఎక్కడికి పోతోందో బాణం గుర్తుతో చూపిస్తుంది. ఫైళ్లయితే దారి కనిపిస్తుంది. సాకెట్ అని ఉంటే ఎస్ఎస్ -టీఏఎన్‌పీ కొట్టి ఆ పిఐడీ లైన్లు పెట్టండి.

కంటైనర్_కాపరి · ఉదయం 8.32

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. లిమిట్ పెంచేటప్పుడు ‘ఇన్ఫినిటీ’ అని మాత్రం రాయొద్దు. కంటైనర్ల సర్వీస్ ఫైల్లో అలా ఉండటం వల్ల లోపల లిమిట్ 1073741816 అయింది. వంద కోట్లకి పైనే. లోపల పాత వెర్షన్ డేటాబేస్ ఒకటి ఉంది. అది మొదలయ్యేటప్పుడు లిమిట్ ఎంతుందో చూసి, అన్నిటికీ సరిపడా మెమరీ ముందే పట్టుకునే రకం. లేచిన నిమిషంలో ర్యామ్ అంతా మింగేసి చచ్చిపోయేది. ఇంకొన్ని పాత ప్రోగ్రాములు పిల్ల ప్రాసెస్ మొదలుపెట్టే ముందు 3 నుంచి లిమిట్ దాకా ఉన్న ఎఫ్‌డీలన్నీ ఒక్కోటీ మూసుకుంటూ పోతాయి. వంద కోట్లసార్లు. ప్రోగ్రాము హ్యాంగైందని మనం అనుకుంటాం, పాపం అది శ్రద్ధగా తలుపులు మూస్తూ ఉంటుంది.

తాళం_పోయింది · ఉదయం 9.10

నా కథ ఇంకా ఘోరం. లిమిట్స్.కాన్ఫ్‌లో నోఫైల్ (తెరవగల ఫైళ్ల హద్దు) ఎదురుగా ‘అన్‌లిమిటెడ్’ అని రాశా. అప్పటి పామ్‌లో నోఫైల్‌కి అది చెల్లేది కాదు. కెర్నెల్‌లో ఎన్ఆర్-ఓపెన్ అని ఇంకో హద్దుంటుంది, మామూలుగా 10,48,576. దాన్ని మించి అడిగితే ఒప్పుకోదు. పామ్ ఆ లిమిట్ పెట్టలేక లాగిన్‌నే ఆపేసింది. సుడో కూడా పనిచెయ్యలేదు. అప్పటికే తెరిచి ఉన్న ఎస్ఎస్‌హెచ్ కిటికీ ఒకటుంది, దాన్ని నేనే శుభ్రంగా మూసేశాను. చివరికి క్లౌడ్ వాళ్ల కన్సోల్ నుంచి రెస్క్యూలో బూట్ చేసి ఆ ఒక్క పదం చెరిపాను.

అప్పటినుంచి ఆ ఫైలు ముట్టుకుంటే రెండో టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయి చూసేదాకా మొదటిది మూయను.

కృష్ణాతీరం · ఉదయం 11.48

తాళం గారూ, మీ పోస్టు చదివి వెంటనే మా ఫైలు తెరిచి చూసుకున్నా. 65535 అనే ఉంది, బతికిపోయా.

రాత్రిడ్యూటీ గారూ, మీరడిగినవి. ఒక వర్కర్‌లో 1023లో వెయ్యికి పైగా సాకెట్లే. ఎస్ఎస్‌లో దాదాపు అన్నీ క్లోజ్-వెయిట్ స్థితిలో ఉన్నాయి, అవతలి చిరునామా మా ఫొటో సర్వర్, పోర్టు 80. ఇంకొకటి గమనించా, ఉపయోగపడుతుందో లేదో తెలీదు. రెసీవ్ క్యూ కాలమ్‌లో సున్నా లేదు. ఒక్కోదాంట్లో 19 వేలు, 22 వేలు, 24 వేలు అలా ఉన్నాయి.

టైమ్-వెయిట్ తగ్గించమని ఒక చోట చదివా, అది మార్చమంటారా?

రాత్రిడ్యూటీ · మధ్యాహ్నం 12.20

మార్చొద్దు. టైమ్-వెయిట్‌లో ఉన్న కనెక్షన్‌ని మీ ప్రోగ్రాము ఎప్పుడో మూసేసింది, దానికి ఎఫ్‌డీ ఉండదు. కెర్నెల్ కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, అంతే. క్లోజ్-వెయిట్ దానికి పూర్తిగా తిరగబడ్డది. అవతలివాళ్లు ‘నా పని అయిపోయింది’ అని ఫోన్ పెట్టేశారు, మీ ప్రోగ్రాము ఇంకా రిసీవర్ పట్టుకునే ఉంది. కెర్నెల్ సెట్టింగులు ఎన్ని మార్చినా అది పోదు. క్లోజ్ చెయ్యాల్సింది మీ కోడే.

రెసీవ్ క్యూ గమనించి చాలా మంచి పని చేశారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. అవతలి నుంచి వచ్చిన బైట్లు మీ మెషీన్ కెర్నెల్‌లో కూర్చున్నాయి, వాటిని ఎవరూ చదవలేదు. మీ ఫొటో ఒక్కోటి 30 కేబీ దాకా ఉంటుందా? మొదటి 8 కేబీ హెడర్లతో పాటు పైథాన్ బఫర్లోకి వచ్చేసి ఉంటుంది, మిగతా 22 క్యూలోనే ఉండిపోయి ఉంటుంది. అంటే మీ కోడ్‌లో ఎక్కడో ఫొటో అడిగి, సమాధానం మొదటి లైను చూసి, అసలు ఫొటో చదవకుండా వదిలేస్తున్నారు.

రిక్వెస్ట్స్ లైబ్రరీతో స్ట్రీమ్=ట్రూ (సమాధానం మొత్తం వెంటనే చదవొద్దని చెప్పేది) అని ఎక్కడైనా వాడారా? వెతకండి.

టెయిల్_ఎఫ్ · మధ్యాహ్నం 12.41

ఇదే అంశం కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నా ల్యాప్‌టాప్‌లో, ఫైల్లో పడే కొత్త లైన్లు చూపించే టెయిల్ -ఎఫ్ కొడితే ‘ఐనోటిఫై వాడలేకపోతున్నా, టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటోంది. యూలిమిట్ లక్ష ఉంది, తెరిచినవి చూస్తే వందలు కూడా లేవు. ఇదేం మాయ?

కంటైనర్_కాపరి · మధ్యాహ్నం 12.55

టెయిల్ గారూ, మెసేజ్ అదే గానీ కారణం వేరు. ఫైళ్ల మార్పులు కనిపెట్టే ఐనోటిఫైకి ఒక్కో యూజర్‌కి ఇన్ని అని విడిగా హద్దుంటుంది, మ్యాక్స్-యూజర్-ఇన్‌స్టాన్సెస్, చాలా చోట్ల 128. ఎడిటర్లు, కంటైనర్లు, జావాస్క్రిప్ట్ డెవ్ సర్వర్లు నాలుగైదు కలిసి నడిస్తే అయిపోతాయి. అది దాటినా కెర్నెల్ ఇదే 24 నంబరు ఇస్తుంది. సిస్‌సీటీఎల్‌తో 512 చేసుకోండి.

దీని తమ్ముడు ఇంకొకడున్నాడు, మ్యాక్స్-యూజర్-వాచెస్. అది నిండితే ‘డిస్క్‌లో చోటు లేదు’ అని వస్తుంది. డిస్క్ సగం ఖాళీగా ఉంటుంది, జనం ఫొటోలు, సినిమాలు తుడుచుకుంటూ కూర్చుంటారు.

టెయిల్_ఎఫ్ · మధ్యాహ్నం 1.03

512తో పోయింది. నిన్న రాత్రి నేను తుడిచిన పెళ్లి వీడియో గురించి ఇప్పుడు మా ఆవిడకి ఏం చెప్పాలో అది కూడా చెప్పండి.

కృష్ణాతీరం · మధ్యాహ్నం 3.30

దొరికింది!!

ఫొటో ఉందో లేదో చూసే ఫంక్షన్ ఒకటుంది. మా దగ్గర ఇంతకుముందు పనిచేసినాయన రాశారు. ఫొటో యూఆర్ఎల్‌కి స్ట్రీమ్=ట్రూతో రిక్వెస్ట్ పంపుతుంది, స్టేటస్ 200 అయితే ‘ఉంది’ అంటుంది. ఫొటో చదవదు, ఎందుకంటే అసలు ఫొటోని తర్వాత పీడీఎఫ్ లైబ్రరీ తానే తెచ్చుకుంటుంది. అక్కడితో ఆగినా బాగుండేది. మళ్లీ మళ్లీ అడగకుండా ఉండటానికని ఆ రెస్పాన్స్ ఆబ్జెక్ట్‌నే తీసుకెళ్లి ఒక గ్లోబల్ డిక్షనరీలో హాల్ టికెట్ నంబరు కింద దాచేస్తోంది. ప్రోగ్రాము బతికున్నంతకాలం అది అక్కడే ఉంటుంది.

గత పరీక్షలప్పుడు ఎందుకు పడలేదా అని చూస్తే, అప్పుడు ఒకే కాలేజీ, మూడు వేల మంది.

నూటికి_నూరు · మధ్యాహ్నం 3.52

డిక్షనరీలో లేకపోతే పైథాన్ చాలావరకు కాపాడేది. ఆబ్జెక్ట్‌ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేకపోతే వెంటనే పారేస్తుంది, దాంతో సాకెట్ కూడా మూతపడుతుంది. మీవాళ్లు టోకెన్ తిరిగివ్వకపోవడమే కాకుండా దండ గుచ్చి మెళ్లో వేసుకున్నారు.

దాచాల్సింది ఉంది, లేదు అనే ఒక్క ట్రూ, ఫాల్స్ మాత్రమే. రిక్వెస్ట్‌ని విత్ బ్లాక్‌లో పెట్టండి, బయటికి రాగానే క్లోజ్ అవుతుంది. ఇంకా మంచిది, గెట్ మానేసి హెడ్ వాడండి. ఫొటో అసలు రాదు. టైమవుట్ కూడా ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే ఫొటో సర్వర్ ముసుగు తన్నిన రోజు మీ నాలుగు వర్కర్లూ దాంతోపాటే పడుకుంటాయి.

గాలివాటం · సాయంత్రం 4.10

ఇంత అవసరమా? 18 వేల మందే కదా. లిమిట్ 65535 చేస్తే ఒక్కో వర్కర్‌కి 65 వేలు. లీక్ ఉన్నా ఈ జన్మలో నిండదు. కోడ్ ముట్టుకుంటే కొత్త బగ్గు వస్తుంది, అదీ సోమవారం ముందు.

రాత్రిడ్యూటీ · సాయంత్రం 4.48

గాలివాటం గారి లెక్క ఎఫ్‌డీల వరకు నిజమే, నిండవు. కానీ ఆ రెసీవ్ క్యూ ఎక్కడ ఉంటుంది? కెర్నెల్ మెమరీలో. ఒక్కోటి 22 కేబీ అనుకోండి, 18 వేల మందికి దగ్గర దగ్గర 400 ఎంబీ. ఆపైన ఒక్కో వర్కర్‌కి తన డిక్షనరీ తనది. అదే విద్యార్థి రెండోసారి వచ్చి ఇంకో వర్కర్ చేతిలో పడితే మళ్లీ ఇంకో సాకెట్. హాల్ టికెట్ ఒక్కసారి దించుకుని ఊరుకునే విద్యార్థిని నేనైతే చూడలేదు. అమ్మ ఫోన్లో ఒకటి, నెట్ సెంటర్లో ఒకటి. నాలుగు వర్కర్లకీ తగిలితే 1,600 ఎంబీ. సర్వర్ మొత్తం ర్యామ్ 2 జీబీ.

అప్పుడు ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ రాదు. మెమరీ చాలక కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, లేదా నెట్‌వర్క్ మొత్తం నత్తనడక నడుస్తుంది. కారణం కనిపెట్టడం ఇప్పటికన్నా పదింతలు కష్టం. ఇప్పుడు ఆ 1024 మీకు మేలే చేసింది, కంప ఉన్న చోటే కాలు ఆపింది.

సోమవారం దాకా భయం ఉంటే ఇలా చెయ్యండి. నూటికి నూరు గారు చెప్పిన మార్పు చెయ్యండి, పది లైన్లు కూడా ఉండదు. దాంతోపాటు గునికార్న్‌కి మ్యాక్స్-రిక్వెస్ట్స్ 500, జిట్టర్ 50 ఇవ్వండి. ఒక్కో వర్కర్ ఐదు వందల రిక్వెస్టులు చేశాక తనంతట తాను దిగిపోయి, దాని చోట కొత్తది వస్తుంది. జిట్టర్ ఉంటే నాలుగూ ఒకేసారి దిగవు. క్రాన్ రీస్టార్ట్ కన్నా మర్యాదైన పద్ధతి, చేతిలో ఉన్న రిక్వెస్ట్ తెగిపోదు. లీక్ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్నా వెయ్యి దాకా పెరగదు.

లిమిట్ కూడా కొంచెం పెంచుకోవాలనుకుంటే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని కొట్టి, సర్వీస్ సెక్షన్ కింద లిమిట్‌నోఫైల్=4096 రాసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి. నడుస్తున్న ప్రాసెస్‌కి ఆపకుండా పెంచాలంటే పీఆర్‌లిమిట్ అనే కమాండ్ ఉంది, పిఐడీ ఇచ్చి నోఫైల్ ఇస్తే అప్పటికప్పుడు మారుతుంది. రాత్రి రెండింటికి పేషెంటుకి సెలైన్ ఎక్కించడానికి బాగుంటుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది.

మ్యాక్_మల్లేష్ · సాయంత్రం 5.05

సాఫ్ట్ లిమిట్‌ని ఇప్పటికీ 1024 దగ్గరే ఎందుకు ఉంచుతున్నారు భయ్యా? హార్డ్ మాత్రం ఐదు లక్షలు. మా మ్యాక్‌లో అయితే ఇంకా అన్యాయం, 256.

రాత్రిడ్యూటీ · సాయంత్రం 5.21

సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్ వల్ల. అది ఎఫ్‌డీలని బిట్ల పట్టికలో పెట్టుకుంటుంది, ఆ పట్టికలో 1024 గళ్లే. 1024 నంబరు ఎఫ్‌డీ వస్తే పట్టిక దాటి పక్క మెమరీలో రాసేస్తుంది. ఎర్రర్ కూడా రాదు, ఎప్పుడో ఎక్కడో క్రాష్. పాత ప్రోగ్రాములు ఎన్నో ఇంకా అదే వాడుతున్నాయి. అందుకని సాఫ్ట్ అక్కడే ఉంచి, ఆ 1024 గొడవ లేని పోల్ గానీ ఈపోల్ గానీ వాడే ప్రోగ్రాములే తెలిసి పెంచుకోవాలని వదిలేశారు.

మ్యాక్ షెల్‌లో యూలిమిట్ -ఎన్ 4096 కొట్టుకో, ఆ కిటికీ వరకు సరిపోతుంది.

కృష్ణాతీరం · ఆదివారం రాత్రి 10.15

మార్పు చేశా. హెడ్ వాడాను, డిక్షనరీలో ట్రూ, ఫాల్స్. టెస్ట్ సర్వర్‌లో స్క్రిప్ట్ రాసి ఆరు వేల హాల్ టికెట్లు దించా. మ్యాక్స్-రిక్వెస్ట్స్ కావాలనే తీసేసి దించా, అది లీక్‌ని కప్పెయ్యకూడదని. వర్కర్లలో ఎఫ్‌డీలు 12, 13, 12, 12. పాత కోడ్‌తో అదే స్క్రిప్ట్ నడిపితే నాలుగు వేల చిల్లర దగ్గర టంచనుగా పడింది.

లైవ్‌లో పెట్టేశా. మ్యాక్స్-రిక్వెస్ట్స్ 500, లిమిట్‌నోఫైల్ 4096. లిమిట్స్.కాన్ఫ్‌లో నేను రాసినవి తీసేశా, రెండు టెర్మినళ్లు తెరిచి మరీ.

ఫాక్స్‌ప్రో_బాబాయ్ · ఆదివారం రాత్రి 10.40

బాబూ, రేపటికి ఒక చిన్న సలహా. పది నిమిషాలకోసారి ఎఫ్‌డీ లెక్క ఒక ఫైల్లో రాసే స్క్రిప్ట్ పెట్టుకో. రాత్రి చూసుకుంటే గీత అడ్డంగా పోతోందా, మెట్లెక్కుతోందా తెలుస్తుంది. మా రోజుల్లో ఆ సౌకర్యం లేదు, తెర మీద ఎర్రర్ పడితేనే తెలిసేది.

కృష్ణాతీరం · సోమవారం రాత్రి 9.30

బాబాయ్ గారి స్క్రిప్ట్ పెట్టాను. పొద్దున 9 నుంచి ఇప్పటిదాకా 11 వేల పైచిలుకు హాల్ టికెట్లు దిగాయి. ఏ వర్కర్‌లోనూ 15 దాటలేదు. క్లోజ్-వెయిట్ సున్నా. ఒక్క 500 ఎర్రర్ కూడా లేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు, ఈరోజు పడుకుంటా.

గాలివాటం · రాత్రి 9.44

కంగ్రాట్స్ బ్రో. మా క్రాన్ కూడా ఈ వారం తీసి చూస్తా, ఏం బయటపడుతుందో. ఇంతకీ మేనేజరు గారు ఏమన్నారు?

కృష్ణాతీరం · రాత్రి 9.51

లిమిట్ 65535 చేశాం కదా, అందుకే సరైపోయిందన్నారు.